మురుగు చెప్పే లెక్క

2020 ఆగస్టులో ఒక వార్త చదివి, సరిగ్గా చదివానో లేదోనని మళ్ళీ మొదటి నుంచి చదివాను. గడిచిన 35 రోజుల్లో హైదరాబాద్‌లో దాదాపు 6.6 లక్షల మందికి, అంటే నగర జనాభాలో సుమారు 6 శాతం మందికి, కరోనా సోకి ఉంటుందని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. అప్పటికి తెలంగాణ రాష్ట్రం మొత్తం మీద అధికారికంగా నమోదైన కేసులు లక్ష కూడా లేవు. మరి ఇన్ని లక్షల మందికి పరీక్షలు ఎప్పుడు చేశారు? చెయ్యలేదు. ఎవరి ముక్కులోనూ పుల్ల పెట్టలేదు. నగరంలోని మురుగునీటి శుద్ధి కేంద్రాలకి వెళ్ళి సీసాల్లో మురుగు పట్టుకెళ్ళారు. లెక్క అందులోంచి తీశారు.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది. ఆఫీసు మూసేశాక హాస్టల్ ఖాళీ చేసి పల్నాడులోని మా ఊరికి వచ్చేశాను. సిగ్నల్ కోసం డాబా మీద కూర్చుని పని చేసుకునేవాణ్ణి. నా పనల్లా కంపెనీ సర్వర్లు సరిగ్గా నడుస్తున్నాయో లేదో కనిపెట్టుకుని ఉండటం. చేరిన మొదటి వారంలోనే మా టీం లీడ్ ఒక మాట చెప్పింది: "యాప్ పని చెయ్యట్లేదని కస్టమర్ ఫోన్ చేస్తే గానీ మనకి తెలియలేదంటే, మన పని మనం చెయ్యనట్టే." ఫోన్ చేసి చెప్పేవాళ్ళు ఎప్పుడూ కొందరే. మిగతావాళ్ళు విసుక్కుని యాప్ మూసేస్తారు. అందుకని ఎవరూ నోరు విప్పకపోయినా, సర్వర్ తనంతట తాను రాసుకుంటూ పోయే లాగ్స్ చదవాలి.

ఆ వార్త నన్ను పట్టుకున్నది అందుకే. టెస్టుకి వచ్చేవాడు ఫోన్ చేసిన కస్టమర్ లాంటివాడు. మురుగు ఊరంతటి లాగ్. అప్పట్నుంచి ఈ సంగతి మీద దొరికిందల్లా చదువుతూ వచ్చాను. చదివిందీ, చూసిందీ మీకు చెబుదామని కూర్చున్నాను.

కరోనా అంటే ఊపిరితిత్తుల జబ్బు అనుకుంటాం. కానీ ఆ వైరస్ పేగుల్లోకీ వెళుతుంది. సోకినవాళ్ళలో చాలామంది మలంలో దాని జన్యు పదార్థం ముక్కలు బయటికి వస్తాయి. ముక్కు పరీక్షలో నెగెటివ్ వచ్చాక కూడా కొన్నాళ్ళు వస్తూనే ఉంటాయి. ఆ అంచనాలో 35 రోజులు అన్నది అందుకే. ఇవి చాలావరకు చచ్చిన వైరస్ తాలూకు ముక్కలు. హుస్సేన్ సాగర్ నీళ్ళలో కూడా ఇవి దొరికాయని 2021లో వార్తలు వస్తే జనం కంగారు పడ్డారు. దొరికింది జన్యు పదార్థమే, అది జబ్బు అంటించేది కాదని శాస్త్రవేత్తలు చెప్పాల్సి వచ్చింది.

ఇందులో గొప్పతనం ఏమిటంటే, ఎవరూ తప్పించుకోలేరు. దగ్గొచ్చినవాడు, రానివాడు, టెస్టుకి భయపడ్డవాడు, డబ్బుల్లేక మానేసినవాడు, ఉద్యోగం పోతుందని దాచుకున్నవాడు, పొద్దున్నే అందరూ వెళ్ళేది ఒక్కచోటికే.

నమూనా పట్టడం అనుకున్నంత తేలిక కాదు. పొద్దున్న ఏడింటికి వచ్చే మురుగు వేరు, మధ్యాహ్నం బట్టలుతికిన నీళ్ళు కలిసి వచ్చే మురుగు వేరు. ఒక్క చెంబుడు ముంచితే ఆ క్షణం సంగతే తెలుస్తుంది. అందుకని వీలున్న చోట ఒక మిషను పెట్టి, 24 గంటలూ ఇంతింత చొప్పున తీసి ఒకే సీసాలో కలుపుతారు. చల్లగా ఉంచి ల్యాబుకి తీసుకెళతారు. లీటరు మురుగులో వైరస్ ఉండేది రవ్వంత. ముందు మడ్డి తీసేసి, వడగట్టి, మిగిలినదాన్ని చిక్కబరుస్తారు. అందులోంచి ఆర్ఎన్ఏ విడదీసి ఆర్టీపీసీఆర్ చేస్తారు. మన ముక్కు పుల్లలకి చేసిన పరీక్షే. మిషన్లో ఒక్కో చుట్టుకీ ఆ పదార్థం రెట్టింపు అవుతూ పోతుంది. కనబడటానికి ఎన్ని చుట్లు పట్టిందో చూస్తే, మొదట్లో ఎంత ఉందో తెలుస్తుంది. తక్కువ చుట్లలో కనబడితే ఎక్కువ ఉన్నట్టు.

ఇక లెక్క. లీటరులో ఇంత వైరస్ ఉంది. రోజుకి ఇన్ని లీటర్ల మురుగు వస్తోంది. సోకిన మనిషి రోజుకి సగటున ఇంత వదులుతాడు. మొదటి రెండిటినీ హెచ్చవేసి మూడోదానితో భాగిస్తే మనుషుల సంఖ్య వస్తుంది. 2020లో హైదరాబాద్‌లో రోజుకి దాదాపు 180 కోట్ల లీటర్ల నీళ్ళు వాడేవారు. అందులో సుమారు 40 శాతమే శుద్ధి కేంద్రాలకి చేరేది. శాస్త్రవేత్తలు ఆ కేంద్రాల్లో 80 శాతం చోట్ల నమూనాలు పట్టారు. అక్కడికి వచ్చే మురుగు వెనక సుమారు రెండు లక్షల మంది సోకినవాళ్ళు ఉన్నట్టు తేలింది. దాన్ని నగరమంతటికీ విస్తరిస్తే 6.6 లక్షలైంది.

ఈ లెక్కలో ప్రతి మెట్టు దగ్గరా ఒక అంచనా ఉందని ఇంజినీరింగ్ చదివినవాడికి చెప్పనక్కర్లేదు. అందరి మలంలోనూ వైరస్ రాదు, వచ్చినా అందరికీ ఒకేలా రాదు. పైపుల్లో గంటలకొద్దీ ప్రయాణంలో కొంత పాడైపోతుంది. అందుకే ఒక్కరోజు సంఖ్యకి ఇవ్వాల్సిన దానికన్నా ఎక్కువ విలువ ఇవ్వకూడదు. అదే కేంద్రంలో పోయిన వారం కన్నా ఈ వారం పెరిగిందా, తగ్గిందా అన్నది గట్టి సమాచారం. మా సర్వర్ల దగ్గరా అంతే. నిమిషానికి నలభై ఎర్రర్లంటే నాకేమీ అర్థం కాదు. నిన్న నాలుగుండి ఇవాళ నలభై అయితే నిద్రలోంచి లేవాల్సిందే.

మరి వాన పడితే? మురుగు పలచబడి వైరస్ తగ్గినట్టు కనిపిస్తుంది కదా! దీనికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం చదివినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. మిరప జాతి మొక్కలకి వచ్చే ఒక వైరస్ ఉంది, పెప్పర్ మైల్డ్ మాటిల్ వైరస్ అని. కారం, మిరప కలిసిన వస్తువులు తిన్నవాళ్ళ మలంలో అది దండిగా వస్తుంది. మనిషిని ఏమీ చెయ్యదు. చాలా దేశాల్లో మురుగులో దాన్ని కూడా కొలుస్తారు. జనం తినేది ఒక్కరోజులో మారిపోదు కాబట్టి ఇది దాదాపు స్థిరంగా ఉంటుంది. ఇది కూడా తగ్గిందంటే మురుగు పలచబడిందని అర్థం. ఇది అలాగే ఉండి కరోనా మాత్రం తగ్గితే, నిజంగానే తగ్గిందని అర్థం.

మిరప సంగతి కాబట్టి ముందు మా బాబాయికి చెప్పాను. ఆయన నరసరావుపేటలో ఒక పురుగుమందుల కొట్లో లెక్కలు రాస్తాడు. "బొబ్బర తెగులు లాంటిదా?" అన్నాడు. అలాంటిదే, మొక్కదే అన్నాను. "మనం తిన్న కారం మన వెనకాలే వచ్చి సాక్ష్యం చెబుతుందన్నమాట" అని నవ్వాడు. తర్వాత కాసేపాగి అన్నాడు:

"తోటల్లో జిగురు అట్టలు కడతారు, చూశావా? పసుపువి తెల్లదోమకి, నీలంవి తామర పురుగుకి. అట్ట కట్టినా పురుగు పోవట్లేదయ్యా అని రైతులు వచ్చి అడుగుతారు. అట్ట కట్టేది పురుగునంతా చంపటానిక్కాదురా, ఎంత వచ్చిందో తెలియటానికి. నాలుగు కట్టి రోజూ చూసుకుంటే ఆకు ముడుచుకోక ముందే తెలుస్తది. ఆకు ముడుచుకున్నాక వచ్చి ఏ మందు కొన్నా మా షావుకారుకే లాభం."

ఇన్ని వ్యాసాలు చదివి నేను చెప్పలేనిదాన్ని ఆయన నాలుగు ముక్కల్లో చెప్పాడు. అలా చెప్పగలగడానికి ఇంకో కారణం కూడా ఉంది.

మా బాబాయి ఎడమ కాలికి పోలియో. ఏడాదిన్నర వయసులో వచ్చింది. రెండు రోజులు జ్వరం, మూడోరోజు పిల్లాడు నిలబడలేదు అని మా నాయనమ్మ చెప్పేది. ఇది 1980 ప్రాంతపు మాట. ఆ ఏడు మా వీధిలో పోలియో వచ్చింది ఆయనొక్కడికేనట. ఎవరి దిష్టో అన్నారట, ఏ జన్మ పాపమో అన్నారట. ఆ మాటలు తలుచుకుని మా నాయనమ్మ చివరిదాకా బాధపడింది.

పోలియో గురించి చదివాక నాకు తెలిసిందేమిటంటే, వచ్చింది ఆయనొక్కడికే కాదు. ఆ వైరస్ పేగుల్లో పెరుగుతుంది. సోకిన దాదాపు 200 మందిలో ఒకరికే కాలో చెయ్యో చచ్చుబడుతుంది. మిగతావాళ్ళకి ఏమీ తెలియదు, మహా అయితే కాస్త జ్వరం. అంటే ఒక పిల్లాడు కుంటడం మొదలెట్టేసరికి ఆ వైరస్ ఎన్నో ఇళ్ళు తిరిగి వచ్చేసి ఉంటుంది. కుంటే పిల్లాడి కోసం ఎదురుచూసే పద్ధతి ఎప్పుడూ ఆలస్యమే. వైరస్ ఉన్నది పేగుల్లో కాబట్టి వెతకాల్సింది కాలవలో. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ ట్రాస్క్, జాన్ పాల్ అనే వైద్యులు 1939, 40ల్లోనే మురుగులో పోలియో వైరస్‌ని పట్టుకున్నారు. కాబట్టి ఇదేదో కరోనాతో పుట్టిన కొత్త విద్య కాదు.

మన దేశంలో పోలియో కోసం మురుగు పరీక్షలు 2001లో ముంబైలో మొదలయ్యాయి. సహజ పోలియో వైరస్ వల్ల మన దేశంలో వచ్చిన చివరి కేసు 2011 జనవరి 13న, పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో. 2014 మార్చి 27న మనకి పోలియో రహిత దేశంగా సర్టిఫికెట్ వచ్చింది. వచ్చాక కూడా మురుగు పరీక్షలు మానలేదు. మానకపోవడం వల్ల ఏం జరిగిందో హైదరాబాదే సాక్ష్యం.

పోలియోలో మూడు రకాలున్నాయి. రెండో రకం సహజ వైరస్ మన దేశంలో 1999 తర్వాత కనబడలేదు. కానీ నోట్లో వేసే చుక్కల మందులో బలహీనపరిచిన మూడు రకాల వైరస్‌లూ ఉండేవి. ఆ చుక్కల వైరస్ పిల్లల కడుపులోంచి మురుగులోకి వస్తుంది. టీకాలు సరిగ్గా పడని చోట అది ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూ, మారుతూ, అరుదుగా మళ్ళీ కాళ్ళు పడగొట్టే బలం తెచ్చుకుంటుంది. లేని రకానికి మందెందుకని 2016 ఏప్రిల్ 25న దేశమంతటా రెండో రకం లేని చుక్కలకి మారారు. దాదాపు మూడు వారాలకి, మే 17న, హైదరాబాద్ అంబర్‌పేటలో పట్టిన మురుగు నమూనాలో మారిపోయిన ఆ రెండో రకమే దొరికింది.

అప్పుడు నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను. మా కాలేజీ బస్సు అంబర్‌పేట మీదుగానే వెళ్ళేది. మూసీ దగ్గరికి రాగానే కిటికీలు టపటపా మూసేవాళ్ళం. రోజుకి 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చెయ్యగల కేంద్రం అక్కడుందనీ, నగరం ఆరోగ్యాన్ని అక్కడ సీసాలో పట్టి చూస్తున్నారనీ మాలో ఒక్కడికీ తెలియదు.

అప్పటికి ఏ బిడ్డకీ ఏమీ కాలేదు. ఏ ఆస్పత్రిలోనూ కేసు లేదు. అయినా జూన్ 20 నుంచి 26 దాకా వారం పాటు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ఎంపిక చేసిన ప్రాంతాల్లో, ఆరు వారాల నుంచి మూడేళ్ళ వయసున్న పిల్లలకి ఇంజక్షన్లు వేశారు. పూర్తి డోసులో అయిదో వంతు చొప్పున, చర్మం లోపలికి. మూడు లక్షల పైచిలుకు పిల్లలకి. అంతా ఒక సీసాడు మురుగు చెప్పిన మాట మీద. ఆ పిల్లలు ఇప్పుడు బడికి వెళ్తూ ఉంటారు. తాము దేన్ని తప్పించుకున్నారో వాళ్ళకి తెలియదు. ఇలాంటి పనులకి విజయోత్సవాలు ఉండవు. జరగనిదాన్ని ఫొటో తియ్యలేం కదా.

ఇలాంటివి బయటా ఉన్నాయి. 2013లో ఇజ్రాయెల్ దక్షిణాన రహాత్ ఊరి మురుగులో సహజ పోలియో వైరస్ దొరికింది. ఒక్క పిల్లాడికీ పక్షవాతం రాకముందే దేశమంతటా పిల్లలకి చుక్కలు వేశారు. 2020 మార్చి మొదట్లో నెదర్లాండ్స్‌లోని ఆమెర్స్‌ఫోర్ట్‌లో ఒక్క కరోనా కేసూ నమోదు కాకముందే మురుగులో అది కనబడింది. 2022లో న్యూయార్క్ దగ్గర రాక్లండ్ కౌంటీలో టీకాలు వేయించుకోని ఒక యువకుడికి పోలియో పక్షవాతం వచ్చింది. అప్పుడు కరోనా కోసం పట్టి దాచిన పాత మురుగు నమూనాలు తీసి చూస్తే, ఆ వైరస్ అంతకు ముందు నుంచే అక్కడ తిరుగుతోందని తేలింది. లాగ్ దాచిపెట్టుకుంటే తర్వాతైనా చదువుకోవచ్చు. దాచకపోతే ఏమీ లేదు.

ఇక నన్ను బాధపెట్టే సంగతికి వస్తాను.

2021 మే నెల. రెండో వేవ్. మా వీధిలో ఇంటికొకరు మంచంలో ఉన్నారు. టెస్టు కావాలంటే మండల కేంద్రానికి వెళ్ళాలి. జ్వరంతో బండెక్కి అంతదూరం ఎవరు పోతారు, పోయినా కిట్లు ఉంటాయో లేదో. ఊళ్ళో జబ్బు ఎంత ఉందో తెలియడానికి రెండే గుర్తులు: ఆర్ఎంపీ డాక్టరు గారి అరుగు మీద ఎంతమంది కూర్చున్నారు, మెడికల్ షాపులో డోలో ఉందా అయిపోయిందా. ఆ నెల మూడో వారంలో మా నాయనమ్మ పోయింది. నాలుగు రోజులు జ్వరం, ఆయాసం. టెస్టు చెయ్యలేదు. మరణ ధ్రువపత్రంలో ఏ జబ్బు పేరూ లేదు. ఆ రోజు రాష్ట్ర బులెటిన్‌లో వచ్చిన సంఖ్యలో ఆమె లేదు.

హైదరాబాద్‌లో అయితే పేరు లేకపోయినా, మురుగు లెక్కలోనైనా ఉండేది కదా అనిపించింది. మా ఊళ్ళో అదీ లేదు. సైడు కాలవల్లో పారేది స్నానాల నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు. దొడ్డినీళ్ళు ఎవరింటి గుంటలోకి వాళ్ళవి పోతాయి. గుంట నిండితే ట్యాంకరు వచ్చి తోడి, ఊరి బయట ఎక్కడో పోసి వెళుతుంది. అందరి నీళ్ళూ కలిసే చోటంటూ లేదు. సీసా ఎక్కడ పెట్టాలి? మన పల్లెల్లో ఎక్కువ భాగం ఇలాగే ఉన్నాయి. హైదరాబాద్‌లో కూడా ఆ 2020 లెక్కలో 60 శాతం మురుగు శుద్ధి కేంద్రాలకి చేరనిదే. దాని వెనకున్న మనుషుల్ని మిగతా 40 శాతం చూసి ఊహించారు.

దారులు లేవని కాదు. పోలియో కోసం శుద్ధి కేంద్రాలు లేని చోట పెద్ద నాలాల్లో నమూనాలు పడుతూనే ఉన్నారు. పల్లెల కోసం ఏరియా ఆస్పత్రి కాలవ, బస్టాండు మరుగుదొడ్డి, సంక్షేమ హాస్టళ్ళు, గుంటలు తోడే ట్యాంకర్లు, ఇవన్నీ జిగురు అట్టలు కట్టగల చోట్లే. కానీ ఎవరో ఒకరు కట్టాలి, రోజూ చూడాలి, చూసింది చెప్పాలి.

చెప్పడం దగ్గర ఇంకో చిక్కు ఉంది. అది నేను మా అపార్ట్‌మెంట్‌లో చూశాను. ఉద్యోగం కోసం మళ్ళీ హైదరాబాద్ వచ్చి, మియాపూర్ వైపు ఆరు బ్లాకుల కమ్యూనిటీలో ఇద్దరు స్నేహితులతో ఉంటున్నాను. సెల్లార్‌లో మా మురుగు శుద్ధి చేసే ప్లాంటు ఉంది. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు, మన మురుగు మనమే ప్రైవేటు ల్యాబులో చూపించుకుందామని ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మంచి ఆలోచనే అనుకున్నాను. అయిదు నిమిషాల్లో ఒకాయన రాశాడు: బ్లాకుల వారీగా పట్టించండి, ఏ బ్లాకులో ఉందో తెలిస్తే అక్కడ పనిచేసే పనిమనుషుల్ని మిగతా బ్లాకుల్లోకి రానివ్వకుండా ఆపేద్దాం. దానికి పదిహేను బొటనవేళ్ళు పడ్డాయి. వైరస్ ఉన్నది ఫ్లాట్లలో ఉండేవాళ్ళ మురుగులో, జీతం పోయేది పనిమనుషులకి. గ్రూపులో ఆ మాటే రాశాను. కాసేపు వాదన జరిగి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర ప్రతిపాదన ఆగిపోయింది.

2020 ఆగస్టులో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో కూడా ఇదే పని చేశారు. ఒక హాస్టల్ మురుగులో వైరస్ కనబడింది. అక్కడి 311 మందికి పరీక్ష చేస్తే ఇద్దరికి పాజిటివ్ వచ్చింది, ఇద్దరికీ లక్షణాల్లేవు. వాళ్ళని వేరుగా ఉంచి చూసుకున్నారు, మిగతావాళ్ళ చదువు సాగింది. అక్కడా ఇక్కడా సీసా ఒకటే. ఫలితం వచ్చాక ఏం చెయ్యాలో ముందే అనుకున్నారా లేదా అన్నదే తేడా. లక్షల మంది మురుగు కలిసిన చోట ఎవరి పేరూ ఉండదు. పైపు చిన్నదయ్యే కొద్దీ పేరు దగ్గరికొస్తుంది. ఎంత చిన్న పైపు దాకా వెళ్ళొచ్చు, ఫలితం ఎవరికి చెప్పొచ్చు, దాన్ని చూపించి ఎవరి పొట్టా కొట్టకుండా ఎలా ఆపాలి? వీటికి రాతపూర్వకంగా నియమాలుండాలి. జబ్బు వచ్చాక కూర్చుని రాసుకునే నియమాలు ఆ పదిహేను బొటనవేళ్ళలాగే ఉంటాయి.

ఆ గొడవ జరిగిన వారంలోనే ఒకరోజు సెల్లార్‌లో ప్లాంటు ఆపరేటర్ కనబడ్డాడు. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడు, నాకన్నా నాలుగేళ్ళు చిన్న. టెస్టు సంగతి అతని దాకా వెళ్ళింది. "నమూనా పట్టమంటే పడతాను సార్. గ్లవ్స్ ఇప్పించమనండి" అన్నాడు. రెండు వందల మెసేజీల వాదనలో ఆ సీసా ఎవరు ముంచుతారన్నది ఒక్కరం అడగలేదు. ఆ సాయంత్రం మెడికల్ షాపులో ఒక పెట్టె గ్లవ్స్ కొనిచ్చాను. తర్వాత అసోసియేషన్ మీటింగ్‌లో అడిగితే, నెలనెలా ఇచ్చే సామాన్లలో గ్లవ్స్, బూట్లు చేర్చారు.

ఇది చిన్న సంగతి కాదు. మనుషుల చేత మురుగు గుంటలు శుభ్రం చేయించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా మాన్‌హోళ్ళలో దిగి ఊపిరాడక చనిపోతూనే ఉన్నారు. అలా చనిపోయినవాళ్ళ కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకి పెంచుతూ 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇంకా పెంచాల్సి వస్తోందంటే ఏమిటర్థం? మురుగు మన ఆరోగ్యం గురించి ఎన్నో చెప్పగలదు నిజమే. దాని పక్కన నిలబడి పనిచేసే మనిషి ఆరోగ్యం సంగతి తెలుసుకోడానికి మాత్రం ఏ ల్యాబూ అక్కర్లేదు.

నా కోరికలు పెద్దవి కావు. టీవీలో రేపటి ఎండ ఎంతో చెప్పినట్టు, ఈ వారం మన ఊరి మురుగులో ఏముందో అందరికీ కనబడేలా పెట్టాలి. అమెరికాలో సీడీసీ ఇలాంటి వ్యవస్థ 2020 సెప్టెంబరులో మొదలెట్టింది. ఫలితాలు ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. మన దగ్గర చేయగలిగిన ల్యాబులున్నాయి, చేసి చూపించిన శాస్త్రవేత్తలున్నారు. జబ్బు తగ్గగానే సీసాలు పక్కన పెట్టెయ్యకుండా ఉంటే చాలు. మా పనిలో కూడా అలర్టు పెట్టడం గంట పని. ఏమీ జరగని నెలల్లో దాన్ని తీసెయ్యకుండా కాపాడుకోవడమే కష్టం.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మా అక్క కూతురికి తొమ్మిది నెలలు నిండాయి. టీకాకి ఊళ్ళోని విలేజ్ క్లినిక్‌కి తీసుకెళ్ళాం. పాపని ఎత్తుకున్నది బాబాయి. ఏఎన్ఎం అమ్మాయి, ఇది పోలియో ఇంజక్షన్, మూడోది అని చెప్పింది. "చుక్కలు వేశారుగా అమ్మా, మళ్ళీ సూది దేనికి?" అన్నాడు బాబాయి. ఆ అమ్మాయి సిరంజి సిద్ధం చేసుకునేలోగా నేను అంబర్‌పేట కథ చెప్పాను. చుక్కల్లో తీసేసిన రెండో రకానికి కూడా ఈ సూదిలో కాపుదల ఉందని చెప్పాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "అంటే ఏ పిల్లకీ ఏమీ కాకముందే కాలవ చూసి తెలుసుకున్నారన్నమాట" అన్నాడు. కాసేపు పాప కాళ్ళ వంక చూశాడు.

"బాగానే ఉంది. మరి మన ఊరి కాలవ ఎవరు చూస్తన్నార్రా?"

నేను సమాధానం వెతుక్కుంటుంటే ఏఎన్ఎం అమ్మాయి దగ్గరికొచ్చింది. "అది తర్వాత మాట్లాడుకుందురు గానీ బాబాయ్ గారూ, ముందు పాప చెయ్యి గట్టిగా పట్టుకోండి" అంది.